తప్పుల గంటలో ఎర్ర దీపం

పోయిన వారం మిమ్మల్ని హాలు మధ్యలో నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, ఏమీ అనుకోను. ఆ మధ్యాహ్నం నా నోట్లోంచి వచ్చినవాటితో పోలిస్తే మీ తిట్లు దీవెనలే.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను టెస్టర్ని. ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, తీసుకెళ్ళి వాళ్ళ మొహాన పెట్టి, అందుకు జీతం తీసుకునే మనిషిని. నెలకో శనివారం మధ్యాహ్నం మా కంప్యూటర్ పనివాళ్ళందరం కలిసే మీటప్ ఒకటి ఏళ్ళ తరబడి నడుపుతున్నాను. మొదట్లో ఒక ట్యుటోరియల్ గదిలో, చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. జనం పెరిగాక మా మరిది తను పనిచేసే పెద్ద కంపెనీలో మూడో అంతస్తు హాలు ఇప్పించాడు. ఇలాంటి మీటప్పుల్ని దగ్గరికి తీసి, కంపెనీ పేరు నలుగురి నోళ్ళలో నానేలా చూడటమే అక్కడ వాడి ఉద్యోగం. ఆఫీసులో కమ్యూనిటీ మేనేజర్ అంటారు. ఇంట్లో మేం పలకరింపుల శాఖ మంత్రి అంటాం.

ఈమధ్య మీటప్పులు ఎలా తయారయ్యాయో మీరు చూసే ఉంటారు. మెడలో బ్యాడ్జీ, బ్యాడ్జీ మీద గళ్ళ ముద్ర, ఆ ముద్రని స్కాన్ చేసుకునేవాళ్ళు, స్కాన్ అయిన మరుక్షణం నుంచి ఫోన్‌కి మెసేజీల వాన. ఫోటో దిగడానికి రంగురంగుల గోడ ఒకటి. స్టిక్కర్లకో వరస, టీషర్టులకో వరస. వస్తామని పేరిచ్చేవాళ్ళు బోలెడు మంది, వచ్చేది పిడికెడు, చివరిదాకా ఉండేది కుర్చీలు సర్దేవాళ్ళు. ఇక స్టేజీ ఎక్కినవాడు తన కంపెనీ సరుకు గొప్పే చెప్పుకుంటాడు. ఎవరి నోట విన్నా విజయాలే. వినగా వినగా, ఈ లోకంలో తప్పు చేసేది నేనొక్కదాన్నేనా అని బెంగ పట్టుకుంటుంది.

ఆ బెంగ పోగొట్టడానికే మా దగ్గర చివరి గంటసేపూ తప్పుల గంట అని పెట్టాను. మా ఇంట్లో మాసిన బట్టలు వేసే ప్లాస్టిక్ బుట్ట తెచ్చి గుమ్మం దగ్గర పెడతాను. అందరూ ఫోన్లు అందులో పడేయాలి. ఒకరు లేచి, తను పనిలో చేసిన తప్పు ఒకటి చెప్పాలి. స్లైడ్లు లేవు, మైకు లేదు, ఎవరి పేరూ ఎత్తకూడదు. వినేవాళ్ళు సలహా ఇవ్వకూడదు, జాలిపడకూడదు, చప్పట్లు కొట్టకూడదు. వాళ్ళు అనదగ్గ మాట ఒక్కటే: "తర్వాత?" చెప్పేవాళ్ళ గొంతు ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అంతే, కథ మళ్ళీ నడుస్తుంది.

ఆ రోజు లేచింది మందుల షాపుల అమ్మాయి. మందుల షాపుల కోసం సాఫ్ట్‌వేర్ రాసే చిన్న ఆఫీసులో పనిచేస్తుంది కాబట్టి మా వాళ్ళు పెట్టిన పేరది. మందు ఎంత వేయాలో, రోజుకి ఎన్నిసార్లు వేయాలో సీసా మీద అంటించే చీటీ ఉంటుందే, అది ఆమె రాసిన సాఫ్ట్‌వేర్‌లోంచే వస్తుంది. మా మీటప్‌కి చాన్నాళ్ళుగా వచ్చి వెనక వరసలో కూర్చుని వెళ్ళిపోయే పిల్ల. మొదటిసారి నోరు విప్పింది.

"పిల్లల జ్వరం సిరప్‌కి అర చెంచా అని పడాలండి," అంది. "నేను చేసిన ఒక మార్పు వల్ల ఆ 'అర' ఎగిరిపోయి, చెంచా అని పడింది. వారం రోజులు అలాగే పడింది. మా వాళ్ళు సరిచేశారు. కానీ..."

అక్కడ ఆగిపోయింది. ఎవరో "తర్వాత?" అన్నారు. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. గుమ్మం వైపే చూస్తోంది. నేనూ అటు తిరిగాను. గుమ్మం పక్కన మా మరిది, వాడి పక్కన వాళ్ళ డైరెక్టర్ మేడమ్, మాకెప్పుడూ కనబడని మనిషి, ఎప్పుడొచ్చిందో ఏమో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళ తలల పైన, గోడకి, కందిగింజంత ఎర్ర దీపం వెలుగుతోంది.

పోయిన వారం ఇక్కడే వదిలేశాను. ఇప్పుడు వినండి.

* * *

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆగమ్మా," అన్నాను ఆ అమ్మాయితో. "ఇంకొక్క మాట మాట్లాడకు. కూర్చో." అని వరసల మధ్యలోంచి గుమ్మం వైపు నడిచాను. ఎవరి కాలో తొక్కాను. ఎవరి కాలైతేనేం, వాళ్ళు కిక్కురుమనలేదు.

"ఏమయ్యా, అదేంటి?" అన్నాను వేలెత్తి చూపించి.

మరిది తేలు కుట్టిన దొంగలా దిక్కులు చూశాడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు స్కూలు బ్యాగు ఈడ్చుకుంటూ తిరిగేవాడు. వాడి అబద్ధం వాడి నోటికంటే ముందు చెవులకి తెలుస్తుంది, ఎర్రబడతాయి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి.

"కెమెరా, వదినా."

"కెమెరా అని నాకూ తెలుసు, కుక్కర్ అనుకోలేదు. ఎందుకు వెలుగుతోందని అడుగుతున్నా."

"అది... హాల్లో ఎప్పుడూ ఉంటుంది వదినా. సెక్యూరిటీకి..."

"సెక్యూరిటీ కెమెరా అయితే గుమ్మాన్ని చూడాలి. ఇది మాట్లాడేవాళ్ళ మొహం వైపు ఎందుకు తిరిగి ఉంది?"

నాలుగు కుర్చీల అవతల సర్వర్ బాబాయ్ లేచి నిలబడ్డాడు. సర్వర్లు చూసుకునే పెద్దాయన, మా మీటప్‌కి మొదటి నుంచీ వస్తున్న మనిషి. ఎప్పుడూ పరాచికాలు ఆడే ఆయన మొహంలో నవ్వు లేదు.

"అందుకా!" అన్నాడు. "నేను పాత సర్వర్ అనుకుని కొత్తదాన్ని తుడిచేసిన సంగతి ఈ గదిలో తప్ప ఎక్కడా చెప్పలేదు. పోయిన నెల ఇదే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే, కూర్చోగానే అదే అడిగారు. 'మీరు మావి కూడా తుడిచేయరు కదా' అని నవ్వారు. వీళ్ళకెలా తెలిసిందా అని ఇన్నాళ్ళూ జుట్టు పీక్కుంటున్నా. మా ఆవిడని కూడా అనుమానించాను."

ఒక్కసారి గదంతా గొల్లుమంది. నవ్వుతో కాదు. అందరికీ తలా ఒక శనివారం గుర్తొచ్చింది. తాము ఏ రోజు లేచి ఏం చెప్పారో, ఎవరి పని పాడుచేశామని ఒప్పుకున్నారో లెక్కేసుకుంటున్న మొహాలు. ఇద్దరు ముగ్గురు బుట్ట దగ్గరికి వెళ్ళి ఫోన్లు తీసుకోబోయారు.

అప్పుడు మేడమ్ ముందుకొచ్చింది. బూడిదరంగు కోటు, సన్నటి గొంతు, ఎంత చల్లటి మనిషంటే ఆవిడ పక్కన ఏసీ అక్కర్లేదు.

"చూడండి మేడమ్, ఇందులో దాచిందేమీ లేదు," అంది. "లిఫ్ట్ దగ్గర బోర్డు పెట్టాం. ఈ హాల్లోకి అడుగుపెట్టడమే రికార్డింగ్‌కి ఒప్పుకోవడం అని స్పష్టంగా రాసి ఉంది. ఇప్పుడు అన్ని ఈవెంట్లలోనూ ఇదే పద్ధతి."

"బోర్డా? నాకెప్పుడూ కనబళ్ళేదే."

"ఫోటో గోడ వెనక ఉంది వదినా," అన్నాడు మరిది, నేల చూస్తూ. "గోడ వచ్చాక కనబడట్లేదు."

"బావుంది. చదవకూడని చోట పెట్టి, చదివి ఒప్పుకున్నారంటారు. మా చెవిలో పువ్వులు కూడా మీరే పెట్టండి, వాటిమీద కంపెనీ పేరు వేయించి."

వెనకనుంచి నవ్వులు వచ్చాయి. మేడమ్ మాత్రం ఏమీ పట్టించుకోలేదు. అందరి వైపూ తిరిగి, క్లాసు చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"మీకు కోపంగా ఉందని తెలుసు. కానీ ఒక్కసారి ఆలోచించండి. పెద్ద పెద్ద సభలకి జనం రావడం తగ్గిపోయింది. స్టేజీ మీద చెప్పేవన్నీ ఇంట్లో మంచం మీద పడుకుని చూసుకోవచ్చు. మా ఈవెంట్లకి పేర్లిచ్చినవాళ్ళలో సగానికి పైగా మొహం చూపించరు. కానీ ఈ మూడో అంతస్తుకి మాత్రం జనం పరిగెత్తుకొస్తున్నారు. ఎందుకు? ఇక్కడ నిజం చెబుతారు. ఇవాళ అందరికీ కావలసింది అదే. ఈ తప్పుల గంటని మేం పెద్దది చేస్తాం. మంచి లైట్లు, మంచి కెమెరాలు, మా పేరు మీద నెలనెలా కార్యక్రమం. ఆ మాట చెప్పడానికే ఇవాళ నేను స్వయంగా వచ్చాను. మీరే నడపండి మేడమ్, మిమ్మల్ని కాదనే వాళ్ళెవరూ లేరు."

నిజం చెప్పద్దూ, ఆ మాటల్లో సగం నేనూ ఎన్నోసార్లు అనుకున్నవే. జనం ఎందుకొస్తున్నారో ఆవిడకి బాగానే అర్థమైంది. అర్థమై కూడా వాళ్ళకి తెలియకుండా వాళ్ళ మాట పట్టుకుపోయిందే, అదీ నన్ను మండించింది.

"మంచి లైట్లు పెడితే నిజం పారిపోతుందండీ," అన్నాను. "ఇక్కడ ఎవరూ వినట్లేదన్న ధైర్యంతో మాట్లాడుతున్నారు. మీరు వింటున్నారని తెలిశాక ఒక్కడు నోరు విప్పుతాడా? విప్పినా, విజయగాథే చెబుతాడు. నేను తప్పు చేశాను, దాంతో నాకు అవార్డొచ్చింది అని."

"ఎవరూ వినట్లేదు," అంది మేడమ్. "ఊరికే రికార్డు అవుతుంది, అంతే. భద్రంగా మా దగ్గరే ఉంటుంది. బయటివాళ్ళెవరూ చూడలేదు, చూడరు. ఈ అమ్మాయి ఇప్పుడు చెప్పింది కూడా మీకు అభ్యంతరమైతే తీసేయిస్తాను."

"మరి మా బాబాయ్ ఇంటర్వ్యూ?"

"యాదృచ్ఛికం అయ్యుండొచ్చు."

ఆ మాట ఆవిడ నోట్లోంచి పూర్తిగా బయటికి రాలేదు. బట్టల బుట్టలో ఫోన్ మోగింది.

అది మా అందరి నెత్తిమీద మోగినట్టనిపించింది. బాబాయ్ బుట్ట దగ్గరికొచ్చి వంగి, అన్ని ఫోన్ల మధ్యలోంచి వెలుగుతున్నదాన్ని తీసి పైకెత్తాడు. "ఎవరిదర్రా ఇది? తెర మీద 'మేనేజర్ సార్' అని పడుతోంది."

మందుల షాపుల అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది. "నాది బాబాయ్."

శనివారం మధ్యాహ్నం, సెలవు రోజు, సరిగ్గా ఆ నిమిషంలో. నేను టెస్టర్నని చెప్పానుగా. ఇలాంటివి చూస్తే నా బుర్ర దానంతటదే రెండు చివరలూ కలిపి ముడి వేసేస్తుంది.

"స్పీకర్‌లో పెట్టమ్మా," అన్నాను.

"వద్దు," అంది మేడమ్, మొదటిసారి గబుక్కున.

చేతులు మారి వచ్చిన ఫోన్ అందుకుని ఆ అమ్మాయి నా మొహం చూసింది, మేడమ్ మొహం చూసింది, స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, అక్కడితో ఆపు!" మగ గొంతు, పరిగెత్తుకొచ్చిన మనిషిలా ఆయాసపడుతోంది. "నువ్వు లేచి నిలబడ్డప్పటి నుంచీ చూస్తున్నా. అర చెంచా దాకా చెప్పేశావు, సరే, అయిపోయిందేదో అయిపోయింది. మిగతాది నోట్లోంచి రానివ్వకు. ఎవరి ముందు నిలబడ్డావో చూసుకో. సోమవారం నీ ఉద్యోగమే కాదు, నాదీ ఉండదు. హలో? వినబడుతోందా? ఎవరో మేడమ్ అడ్డుగా నిలబడ్డారు, నువ్వు కనబడట్లేదు."

ఆ అడ్డుగా నిలబడ్డ మేడమ్‌ని నేనే.

తల తిప్పి కెమెరా కేసి చూశాను. అవతల ఎక్కడో ఇంట్లో కూర్చుని ఒకాయన మా నెత్తుల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. ఎవరూ చూడరట. భద్రంగా ఉంటుందట.

"రికార్డింగ్ కాదు, లైవ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "ఎవరెవరికి వెళ్తోంది? మా ఆఫీసుకి కూడానా?"

నేను మరిది చొక్కా పట్టుకోలేదు గానీ పట్టుకున్నంత పని చేశాను. "చెప్పు. ఎవరికి?"

"భాగస్వామ్య కంపెనీలకి వదినా," అన్నాడు. "ఈ నెల నుంచే. ఇంతకుముందువి ఊరికే రికార్డులు. నాకు చెప్పింది వేరు. మంచి మనుషుల్ని వెతికి ఉద్యోగాలిస్తారన్నారు. మనవాళ్ళకే మేలవుతుందని... నిజంగా వదినా, అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మని మధ్యలోకి లాగకు. ఆవిడకి తెలిస్తే నీకు రాత్రికి అన్నం పెట్టదు."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేయలేదు. తర్వాత వేసిందేమో గానీ అప్పుడు వేయలేదు. బుట్ట పట్టుకుని, "పదండి, అందరూ ఫోన్లు తీసుకోండి, కిందికి పోదాం," అన్నాను. "ఈ హాలూ వద్దు, ఈ ఏసీ వద్దు. రోడ్డు మీద నిలబడైనా మన గంట మనం నడుపుకుందాం."

కుర్చీలు జరిగాయి. అందరూ గుమ్మం వైపు కదిలారు. ఒక్క ఆ అమ్మాయి తప్ప. ఆమె స్టేజీ దగ్గరే, ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. అవతల మేనేజర్ ఇంకా "హలో, హలో" అంటున్నాడు.

"రామ్మా," అన్నాను. "నిన్నెవరూ ఏమీ చేయకుండా నేను చూసుకుంటా. రా."

"నేను రాను అక్కా."

"భయపడకు..."

"భయంగానే ఉంది. కానీ రాను." ఫోన్ని పక్కనున్న కుర్చీలో పెట్టింది, కట్ చేయకుండానే. "మీరందరూ నా ఉద్యోగం గురించి మాట్లాడుతున్నారు. సార్ ఆయన ఉద్యోగం గురించి మాట్లాడుతున్నారు. ఆ సిరప్ గురించి ఒక్కరూ మాట్లాడట్లేదు. మా వాళ్ళు సాఫ్ట్‌వేర్ సరిచేశారక్కా. సీసాలు ఎవరు సరిచేస్తారు? ఆ వారం కొనుక్కెళ్ళినవి ఇంకా వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటాయి. పిల్లకి మళ్ళీ జ్వరం వస్తే అదే సీసా తీస్తారు. అదే చీటీ చదువుతారు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. తప్పులు వెతకడమే పనిగా పెట్టుకున్న దాన్ని, కెమెరా గొడవలో పడి ఆ పిల్ల చెప్పిన తప్పునే మరిచిపోయాను.

"కిందికెళ్ళి చెప్తే మీకు మాత్రమే వినబడుతుంది," అంది. "ఇక్కడైతే ఎంతమంది వింటారో. వాళ్ళే పెట్టారుగా కెమెరా, మనం అడగలేదుగా. మీరు కొంచెం పక్కకి జరగండక్కా. సార్‌కి నేను కనబడట్లేదంట."

జరిగాను. ఏం చేయను మరి? జీవితంలో నన్ను పక్కకి తప్పుకోమన్నవాళ్ళని నేను ఊరికే వదల్లేదు. ఈ పిల్ల మాటకి మాత్రం బుట్టతో సహా గోడవారకి జరిగి నిలబడ్డాను.

ఆమె కెమెరా వైపు చూసింది. నోరు తెరిచింది, మూసింది. కుర్చీలోంచి మేనేజర్ గొంతు, "వద్దమ్మా, వద్దు," అంటోంది. వెళ్ళి ఆ ఫోన్ని కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను.

"తర్వాత?"

బాబాయ్. లేచినవాడు లేచినట్టే కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

"తర్వాత?" అంది కిటికీ పక్క వరసలో ఒకామె, కూర్చుంటూ. ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. ఫోన్లు తీసుకున్నవాళ్ళు తెచ్చి మళ్ళీ నా చేతిలోని బుట్టలో పడేసి మరీ కూర్చున్నారు. మా సభలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! ఎప్పుడూ ఓదార్పులా ఉండేది. ఆ రోజు మాత్రం ఎవడొస్తాడో రండి చూద్దాం అన్నట్టుంది.

ఆ అమ్మాయి వీపు నిటారు చేసుకుంది.

"తర్వాత, ఒక షాపాయన ఫోన్ చేసి చీటీ తేడాగా ఉందేంటమ్మా అన్నాడు. చూసుకుంటే తప్పు నాదే. వెంటనే మా సార్‌కి చెప్పాను. అన్ని షాపులకీ ఫోన్ చేద్దాం, ఆ వారం సిరప్ కొన్నవాళ్ళకి చెప్పిద్దాం అన్నాను. సార్ సరేనన్నారు. ఆయన మంచివారే." కుర్చీలో ఫోన్ మూగబోయింది. "తెల్లారేసరికి మాట మారింది. సరిచేశాం కదా, ఇంక ఎవరికీ చెప్పొద్దు, షాపులవాళ్ళకి కూడా చెప్పొద్దు, అడిగితే ప్రింటర్ తప్పని చెప్పమన్నారు. అదీ నా తప్పు. చీటీ తప్పు కాదు, అది పొరపాటు. ఆ మాట విని తలూపి కూర్చున్నానే, అది తప్పు."

"కెమెరా ఆపెయ్," అంది మేడమ్.

ఎవరికీ అర్థం కాలేదు. నాకైతే చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అనిపించింది.

"వినబళ్ళేదా? ఆపెయ్ అంటున్నా!" ఆవిడ మరిది వైపు తిరిగింది. సన్నటి గొంతు కాస్తా కీచుమంది. "ఇది కంపెనీ హాలు. కంపెనీ కెమెరా. ఇలాంటి ఆరోపణలు బయటికి వెళ్ళడానికి వీల్లేదు."

"ఇందాక అందరికీ కావలసింది నిజమేనన్నారు?" అన్నాను.

నన్ను పట్టించుకునే స్థితిలో లేదావిడ. గుమ్మం పక్క గోడలో స్విచ్చుల పెట్టె ఉంది. మరిది దాని ముందే నిలబడి ఉన్నాడు. తలుపు తెరిచాడు. మీట మీద చెయ్యి వేశాడు. అక్కణ్ణుంచి నా వైపు చూశాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి, అన్నకి చెప్పాలా వద్దా అని నా వైపు చూసేవాడు, అచ్చం ఆ చూపే. నేను ఒక్క సైగ కూడా చేయలేదు. ఇది వాడు తెచ్చిపెట్టుకున్న తంటా, వాడే తేల్చుకోవాలి.

వాడు చెయ్యి తీసేసి పెట్టె తలుపు మూశాడు. మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మేడమ్," అన్నాడు, "లిఫ్ట్ దగ్గర బోర్డు ఉంది కదండీ. లోపలికి అడుగుపెట్టడమే ఒప్పుకోవడం అని. మీరూ అడుగుపెట్టారు."

గది పకాలుమంది. బాబాయ్ అయితే తొడ చరిచి, "శభాష్ రా పిల్లాడా!" అన్నాడు. చెవులు ఈసారీ ఎర్రగానే ఉన్నాయి వాడికి. అబద్ధం ఆడుతున్నందుకు కాదు.

"సోమవారం నువ్వు రానక్కర్లేదు," అంది మేడమ్.

"ఇవాళ అందరికీ ఇదే మాట చెబుతున్నారు," అన్నాడు వాడు. "ఆఫీసులో సోమవారం ఇంకెవరైనా ఉంటారా అని నా డౌటు."

మేడమ్ వాణ్ణి పక్కకి నెట్టబోయింది. అడ్డం వెళ్దామని నేను బుట్ట కింద పెట్టాను. ఈలోగా ఆ అమ్మాయి నన్ను పిలిచింది.

"అక్కా."

అందరం తిరిగాం. మేడమ్ కూడా తిరిగింది.

"మా చిన్న కంపెనీని పోయినేడు ఒక పెద్ద కంపెనీ కొనుక్కుంది," అంది ఆ అమ్మాయి. "తెల్లారేసరికి మా సార్ మాట మారింది అన్నానే, అది ఆయన అంతట ఆయన మార్చింది కాదు. రాత్రి ఆయన పైవాళ్ళకి చెప్పారు. పొద్దున్నే వీడియో కాల్ పెట్టి, దాచమని మాకు చెప్పింది ఆ పైవాళ్ళే. అప్పుడు నేను తెర మీద చూసిన మనిషిని ఇవాళ ఎదురుగా చూస్తున్నాను. మన గంటలో ఎవరి పేరూ చెప్పకూడదు కదక్కా?"

"చెప్పకూడదమ్మా," అన్నాను.

"అయితే చెప్పను."

అని చెయ్యి పైకెత్తి, వరసలన్నిటి మీదుగా గుమ్మం వైపు చాచింది. ఆ వేలు మా మరిది మీద ఆగలేదు. నా మీద ఆగలేదు. బూడిదరంగు కోటు దగ్గర ఆగింది. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది.